పెళ్ళి రెండు రోజుల్లో అయిపోతుంది, ఫోటోలకు నెలలెందుకు?

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవమైన ఆగస్టు 19న ఒక పట్టణ గ్రంథాలయంలో పెళ్ళి ఫోటోగ్రాఫర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

పెళ్ళయిన వారం నుంచే మాకు ఫోన్లు మొదలవుతాయి. ముందు పెళ్ళికూతురి తమ్ముడు చేస్తాడు. "అన్నా, ఒక పది ఫోటోలుంటే పంపవా, స్టేటస్ పెట్టుకోవాలి" అంటాడు. నెల దాటాక వాళ్ళ నాన్నగారు చేస్తారు. ఆయన గొంతులో కోపం కన్నా అనుమానం ఎక్కువ ఉంటుంది. "ఏమండీ, రెండు రోజుల పెళ్ళి. ఫోటోలు ఆ రోజే తీసేశారు కదా. కెమెరాలో ఉన్నవి ఇవ్వడానికి ఇన్నాళ్ళా?" అంటారు. ఈ హాల్లో ఆ మాట అన్నవాళ్ళూ ఉండుంటారు, ఆ మాట పడ్డ ఫోటోగ్రాఫర్లూ ఉన్నారు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి మేం "ఎడిటింగ్‌లో ఉందండీ" అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేస్తాం. మా వృత్తిలో అదొక అలవాటైపోయింది. అడిగిన మనిషికి అది జవాబు కాదు. ఆ ఒక్క ముక్క వెనకాల ఏం జరుగుతుందో ఇవాళ కాస్త వివరంగా చెబుతాను.

ఎడిటింగ్ అనగానే ముఖాలు తెల్లగా చేయడం, మొటిమలు తీసేయడం, వెనకాల పూలవాన కురిపించడం అనుకుంటారు చాలామంది. అవీ కొంత ఉంటాయి. కానీ మా సమయం ఎక్కువగా పోయేది చూడటానికి. ఒక్కో ఫోటో ముందు కూర్చుని ఇది ఉండాలా వద్దా, ఇందులో ఉన్నది ఎవరు, ఆ రోజు మండపంలో కనిపించిన రంగు ఇదేనా అని తేల్చుకోవాలి. చేతిపని కంటే ఈ తేల్చుకునే పని పెద్దది. దీన్ని తొందరపెడితే పెళ్ళివాళ్ళే నష్టపోతారు. నేను ఇవాళ చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే.

రీలు కాలంలో పెద్ద రోలు కొంటే ముప్పై ఆరు ఫోటోలు వచ్చేవి. ఒక్కో ఫోటోకీ ఖర్చు కాబట్టి నొక్కేముందే ఆలోచించుకునేవాళ్ళు. అంటే ఎంపికలో సగం పని పెళ్ళిలోనే, కెమెరా కన్నుకు ఆనించినప్పుడే అయిపోయేది. ఇప్పుడు నొక్కితే ఖర్చు లేదు. పైగా జరిగేది మళ్ళీ జరగదు కాబట్టి ఏదీ వదలకుండా నొక్కుతాం. నిలబెట్టి తీసే ట్రెడిషనల్‌కి ఒకరు, చెప్పకుండా సహజంగా తీసే క్యాండిడ్‌కి ఒకరు ఉంటే పెళ్ళికొడుకుని చేయడం నుంచి సత్యనారాయణ వ్రతం దాకా కలిపి ఐదు వేల ఫోటోలు తేలిగ్గా దాటిపోతాయి. అప్పుడు మండపంలో చేసిన ఎంపిక ఇప్పుడు కంప్యూటర్ ముందుకు వచ్చింది, అంతే. పని తగ్గలేదు.

ఇంటికి రాగానే ఎడిటింగ్ మొదలుకాదు. ముందు కార్డుల్లో ఉన్నదంతా రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేస్తాం. ఒక్కో రా ఫైలు, అంటే కెమెరా పట్టుకున్నది పట్టుకున్నట్టు దాచే ముడి ఫోటో, ముప్పై ఎంబీ వేసుకున్నా ఐదు వేల ఫోటోలకు 150 జీబీ అవుతుంది. రెండు చోట్లా సరిగ్గా చేరిందని చూసుకున్నాకే కార్డు ఖాళీ చేస్తాం. ఆ తర్వాత రెండు కెమెరాల గడియారాలు కలపాలి. ఇది బయటివాళ్ళకు తెలియని చిన్న తలనొప్పి. ఒక కెమెరాలో టైము నాలుగు నిమిషాలు ముందుందనుకోండి, వరుసలో పెట్టేసరికి తాళి కట్టిన ఫోటో పక్కన ఇంకా కట్టని ఫోటో వస్తుంది. రెండింటిలోనూ ఒకే క్షణం పడిన ఫోటో వెతికి, ఆ తేడా లెక్కగట్టి, మొత్తం సరిచేసుకోవాలి.

ఇక ఎంపిక. మా భాషలో కల్లింగ్ అంటాం. ఒక్క ఉదాహరణ చెబుతాను.

జీలకర్ర బెల్లం. ముహూర్తం తెల్లవారుజామున రెండున్నరకి. మేనమామలు పెళ్ళికూతుర్ని బుట్టలో తెచ్చి కూర్చోబెట్టారు. మధ్యలో అడ్డుతెర. పురోహితుడు గడియారం చూసి చెయ్యి ఊపగానే భజంత్రీలు గట్టిమేళం అందుకుంటారు. ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెడతారు, తెర దిగుతుంది, మొదటిసారి ఎదురుగా చూసుకుంటారు. ఇదంతా కొన్ని సెకన్ల సంగతి. ఆ కొన్ని సెకన్లలో మా రెండు కెమెరాల్లో కలిపి యాభై అరవై ఫోటోలు పడతాయి. బయటివాళ్ళకు అవన్నీ ఒకటే. దగ్గరగా చూస్తే ఒకదాంట్లో పెళ్ళికొడుకు చెయ్యి ఇంకా గాల్లో ఉంది. తర్వాతదాంట్లో చెయ్యి తల మీద ఉంది కానీ అత్తగారి మోచెయ్యి అమ్మాయి ముఖానికి అడ్డం. ఆ తర్వాతదాంట్లో అడ్డు లేదు, ఇద్దరూ కిందికి చూస్తున్నారు. ఇంకోదాంట్లో అమ్మాయి కళ్ళెత్తింది, అప్పుడే వీడియో లైటు తిరిగి అబ్బాయి నుదురంతా తెల్లబడిపోయింది. మరోదాంట్లో అన్నీ బాగున్నాయి, ఫోకస్ మాత్రం వెనకనున్న పురోహితుడి మీద పడింది. అరవైలో ముగ్గురు నలుగురు మనుషుల ముఖాలూ, చేతులూ, వెలుగూ కుదిరినవి మూడో నాలుగో తేలతాయి. ఆ మూడూ పక్కపక్కన పెట్టుకుని, నూటికి నూరు శాతం పెద్దది చేసి, కనురెప్పల వెంట్రుకల దాకా చూసి ఒకటి తీసుకోవాలి. ఇలాంటి ఘట్టాలు ఒక్క పెళ్ళిలో ఎన్ని ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మాంగల్యధారణ, తలంబ్రాలు, కొంగుముడి, స్థాలీపాకం, అరుంధతీ దర్శనం, అప్పగింతలు. తెలంగాణ వైపు వెళితే ఎదురుకోళ్ళు.

"ఇప్పుడు ఏఐ వచ్చింది కదండీ, అదే ఏరి పెడుతుందట కదా" అని పిల్లలు అడుగుతున్నారు. వచ్చింది. నేనూ వాడుతున్నాను, మేలే చేస్తోంది. ఒకేలా ఉన్నవాటిని ఒక గుంపుగా చేర్చి పెడుతుంది, బొత్తిగా మసకబారినవాటిని పక్కన పెడుతుంది. అక్కడిదాకా దాన్ని నమ్మొచ్చు. అయితే కళ్ళు మూసుకున్న ఫోటో అంటే అది పనికిరాని ఫోటో అని దానికి నేర్పారు. తలంబ్రాల దగ్గరకు రండి. తల మీద దోసిళ్ళకొద్దీ బియ్యం పడుతుంటే ఎవరైనా కళ్ళు మూసుకుంటారు. మూసుకుని నవ్వుతారు. ఆ నవ్వే కదా తలంబ్రాలంటే! సాఫ్ట్‌వేర్ ఆ ఘట్టంలో మంచి ఫోటోలన్నీ తీసుకెళ్ళి చెత్తలో వేస్తుంది. అప్పగింతల్లో ఇంకా ఘోరం. కూతురి చెయ్యి పాలలో ముంచి అత్తగారి చేతిలో పెడుతూ తండ్రి కళ్ళు గట్టిగా మూసుకుని ఏడుస్తాడు. ఆయన జీవితంలో ఆ ముఖం మళ్ళీ ఎవరూ చూడరు. దాన్ని కళ్ళు మూసిన ఫోటో అని తీసేస్తే, ఆ పెళ్ళికి వెళ్ళి మేం చేసిందేముంది? అందుకని అది పక్కన పెట్టినవన్నీ మళ్ళీ నేను చూస్తాను. అక్కడ టైము మిగలదు.

ఇంకొక సంగతి. ప్రతి పెళ్ళిలోనూ ఒక మూల కుర్చీలో ఒక పెద్దాయనో పెద్దావిడో కూర్చుని ఉంటారు. మండపం ఎక్కలేరు. గ్రూప్ ఫోటోలోకి రారు. క్యాండిడ్ తీసేవాళ్ళు అటుగా వెళుతూ ఒకటో రెండో తీస్తారు. అందులో ఒకటి కాస్త చీకటిగా ఉంటుంది, అరంగుళం పక్కకు వాలి ఉంటుంది. అందం లెక్కన చూస్తే ఏరాల్సిన ఫోటో కాదు. కానీ ఏడాదో రెండేళ్ళో గడిచాక ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. "తాతగారు పోయారండీ. పటం కట్టించడానికి మంచి ఫోటో ఒక్కటీ లేదు. పెళ్ళిలో తీసినవి ఏమైనా ఉన్నాయా" అని. ఈ ఫోన్ రాని పెళ్ళి ఫోటోగ్రాఫర్ మన ప్రాంతంలో ఉండడు. అందుకే నా పద్ధతి ఇది: అందం చూసి ఏరడం అయిపోయాక, మనుషుల్ని చూసి ఇంకోసారి మొత్తం తిరగేస్తాను. పెళ్ళికి వచ్చిన ప్రతి ముసలి ముఖమూ ఒక్కటైనా స్పష్టంగా మిగిలిందా, లేదా? ఈ రెండో విడతకు మొదటిదానంత సమయమూ పడుతుంది. దీనికి ఎవరూ డబ్బులివ్వరు, ఎవరూ అడగరు. కానీ ఇది మానేస్తే మిగతాదంతా ఎంత బాగా చేసినా నాకు తృప్తి ఉండదు.

ఏరడం అయ్యాక రంగులు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన పెళ్ళిళ్ళకు ఇదే అసలు చిక్కు.

మన కల్యాణ మండపంలో వెలుగు ఒకటి కాదు. పైన పసుపు రంగు బల్బులు, వెనక డెకరేషన్‌లో ఊదా, నీలం ఎల్ఈడీలు, ఎదురుగా వీడియోవాళ్ళ తెల్ల లైటు, పక్కన హోమం మంట, మధ్యలో మా ఫ్లాష్. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తాం. పాతకాలపు ఫిలమెంట్ బల్బు సుమారు మూడు వేల కెల్విన్ల దగ్గర పసుపుగా, ఫ్లాష్ ఐదున్నర వేల దగ్గర తెల్లగా ఉంటాయి. మన కన్ను, మెదడు కలిసి ఆ తేడాను వాటంతట అవే సర్దుకుంటాయి, కెమెరా సర్దుకోదు. ఫోటోలో పెళ్ళికొడుకు ముఖం ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం. మొత్తం ఫోటోకి పసుపు తగ్గిస్తే అవతలి చెంప ఇంకా నీలమవుతుంది. కాబట్టి ముఖాన్ని రెండు ముక్కలుగా మాస్క్ చేసి, అంటే విడివిడిగా గుర్తించి, దేనికది సరిచేసి, మధ్యలో అతుకు కనపడకుండా కలపాలి. పైగా ఆ ముఖానికి నిజంగానే పసుపు రాసి ఉంటుంది. ఏది లైటు పసుపు, ఏది నలుగు పెట్టిన పసుపు? మొదటిది తీసేయాలి, రెండోది ఉంచాలి. ఈ తేడా పెళ్ళిలో నిలబడి చూసినవాడికే తెలుస్తుంది. అందుకే బయటి ఎడిటర్‌కి పని ఇచ్చినా రంగులు ఒకసారి నేను చూసుకుంటాను.

ఎల్ఈడీల ఇబ్బంది ఇంకొకటుంది. మన ఇళ్ళకొచ్చే కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే చవక లైట్లు సెకనుకు వందసార్లు వెలుగు పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటాయి. కంటికి తెలియదు. కెమెరా షట్టర్ వేగంగా పెట్టినప్పుడు మాత్రం ఫోటో మీద అడ్డంగా నల్లచారలు పడతాయి. రిసెప్షన్‌లో వెనక ఎల్ఈడీ తెర పెడితే మరీనూ. మండపంలో ఉన్నప్పుడే షట్టర్ తగ్గించుకుని చూసుకుంటాం, కానీ తలంబ్రాల్లాంటి చోట గింజలు గాల్లో ఆగినట్టు రావాలంటే వేగం పెంచక తప్పదు. ఆ చారలు ఒక్కో ఫోటోలో ఒక్కో చోట పడతాయి కాబట్టి ఒకటి సరిచేసి మిగతావాటికి అంటించే వీలు లేదు.

అవును, అంటించడం అనే వీలు ఉంది. 2007లో అడోబీ లైట్‌రూమ్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఒక ఫోటోకి చేసిన సవరింపులు వంద ఫోటోలకు ఒక్క నొక్కుతో ఎక్కించవచ్చు, అసలు ఫైలు చెడదు. మా వృత్తికి అది పెద్ద వరం. పగటి పెళ్ళి, ఆరుబయట పందిరి, ఒకటే ఎండ అయితే ఆ నొక్కు చాలావరకు పనిచేస్తుంది. అర్ధరాత్రి ముహూర్తానికి హాల్లో లైట్లు నిమిషానికో రంగు మారుతుంటే ప్రతి పదీ పదిహేను ఫోటోలకూ మళ్ళీ మొదటికి రావాలి.

చీరలు. ధర్మవరం పట్టు, కంచి పట్టు. ఎరుపు మీద జరీ అంచు. ఎరుపు మరీ ముదిరితే ఫోటోలో నేత కనపడదు, బట్ట మీద రంగు పోసినట్టు ఉంటుంది. రాణి రంగు ఇంకా పేచీ. నీలం లైటు కింద అది వంకాయ రంగులోకి తిరుగుతుంది. ఆల్బమ్ చూడగానే పెళ్ళికూతురి అమ్మగారు మొదట చూసేది చీర రంగే. అదీ సబబే. షాపులో సగం రోజు కూర్చుని ఎంచుకున్న చీర అది. అలాగే మధుపర్కాలు. తెల్ల బట్ట, పక్కనే నల్లటి జుట్టు, మీద బంగారం. చర్చి పెళ్ళిలోనూ తెల్ల చీరతో ఇదే కష్టం. తెలుపులో మడతలు కనపడాలి, జుట్టులో పువ్వులు కనపడాలి, నగ మెరవాలి కానీ మండకూడదు. దీనికోసమే మేం ఫోన్లలో మామూలుగా కనిపించే జేపెగ్ ఫైల్లో కాకుండా రా ఫైల్లో తీస్తాం. జేపెగ్‌లో ఒక్కో రంగుకీ 256 మెట్లు ఉంటాయి, పద్నాలుగు బిట్ల రా ఫైల్లో 16,384. ఆ మెట్ల వల్లే తెల్లబడిపోయినట్టున్న బట్టలోంచి మడతల్ని వెనక్కి తెచ్చుకోగలం. కానీ రా ఫైలుకి ఎవరో ఒకరు కూర్చుని రంగు, వెలుగు కుదిర్చితే తప్ప అది చప్పగానే ఉంటుంది.

ఇక ముఖాల పని. మా స్టూడియోలో కుర్రాళ్ళకు ఒక నియమం పెట్టాను. రెండు వారాల్లో దానంతట అదే పోయేదైతే తీసేయండి. మొటిమ, గడ్డం గీసుకున్నప్పుడు తెగిన గాటు, చెమట మెరుపు, పైట దగ్గర బయటపడ్డ పిన్నీసు. మనిషితో ఉండేదైతే ముట్టుకోవద్దు. పుట్టుమచ్చ, అమ్మమ్మ ముడతలు, నాన్నగారి నుదుటి గీతలు. సాఫ్ట్‌వేర్‌కి ఈ తేడా తెలియదు. పెళ్ళికూతురి బుగ్గ మీద కాటుకతో పెట్టిన బుగ్గచుక్కను చూడగానే అది మచ్చ అనుకుని నున్నగా తుడిచేస్తుంది! నుదుట బాసికం నీడ పడితే దాన్ని మరక అనుకుంటుంది. చుక్క లేని పెళ్ళికూతుర్ని ఆల్బమ్‌లో చూసి వాళ్ళ నాయనమ్మ ఊరుకుంటుందా? కాబట్టి ఆటోమేటిక్‌గా చేసిన ప్రతి దగ్గరి ఫోటోనూ మళ్ళీ చూసుకుని, చుక్క పోయినచోట అసలు ఫోటోలోంచి వెనక్కి తేవాలి.

ఇక్కడ నాకు కష్టం కలిగించే విషయం ఒకటి చెప్పాలి. "అమ్మాయిని కొంచెం తెల్లగా చేయండి" అని అడుగుతారు. కొన్నిసార్లు అమ్మాయి పక్కనుండగానే అడుగుతారు. నేను చేయనండి. ఆ రోజు పడిన చెడ్డ వెలుగు వల్ల ముఖం నల్లగా వచ్చి ఉంటే సరిచేస్తాను, అది నా బాధ్యత. ఆమె చాయ ఆమెది. దాన్ని మార్చిన ఫోటోను ముప్పై ఏళ్ళ తర్వాత ఆమె కూతురు చూసి "ఇది నువ్వు కాదు కదమ్మా" అంటే ఏమని చెబుతాం? ఇలా అడిగినవాళ్ళను కూర్చోబెట్టి, చాయ మార్చని ఫోటోను సరైన వెలుగులో చూపిస్తాను. చాలామంది ఒప్పుకుంటారు. ఆ కూర్చోబెట్టి చూపించడానికి కూడా టైము పడుతుంది, అది నాకు సంతోషమే.

గ్రూప్ ఫోటోల గురించి ఒక ముచ్చట. ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థకు చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు ఒక లెక్క కట్టారు. గ్రూప్ ఫోటోలో ఎవరూ కళ్ళు మూసుకోకుండా ఉన్న ఫోటో ఒక్కటైనా రావాలంటే ఎన్నిసార్లు తీయాలి అని. 2006లో వాళ్ళకు గణితంలో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. వాళ్ళు చెప్పిన సూత్రం తేలికే. ఇరవై మంది లోపు ఉంటే, మంచి వెలుగులో మనుషుల సంఖ్యను మూడుతోనూ, తక్కువ వెలుగులో రెండుతోనూ భాగించండి, అన్నిసార్లు తీయండి. అంటే హాల్లో పద్దెనిమిది మంది నిలబడితే తొమ్మిదిసార్లు తీయాలి. యాభై మంది అయితే ఆశ దాదాపు వదులుకోవచ్చని వాళ్ళే చెప్పారు. మన స్టేజీ మీద ఒక కుటుంబం వచ్చి నిలబడితే ఎంతమంది? వెనక ఇంకో కుటుంబం గిఫ్టు కవరు పట్టుకుని లైన్లో ఉంటుంది. తొమ్మిదిసార్లు కాదు, మూడుసార్లు తీయడానికే ఆగరు. అందుకని ఇంటికొచ్చాక ఈ ఫోటోలోంచి బాబాయి కళ్ళు, ఆ ఫోటోలోంచి పిన్ని కళ్ళు తెచ్చి పెడతాం. తల కొంచెం తిరిగి ఉంటే కళ్ళు అతకవు, తలంతా మార్చాలి. మెడ దగ్గర గొలుసు కలవాలి. ఒక్కో గ్రూప్ ఫోటోకి పది నిమిషాలు తక్కువ కాదు, చిన్న పిల్లలుంటే తలప్రాణం తోకకొస్తుంది.

ఇప్పుడు మొత్తం లెక్క వేద్దాం. ఐదు వేల ఫోటోలు, ఒక్కోటి మూడే సెకన్లు చూస్తే నాలుగు గంటల పైమాట. రెండుసార్లు చూస్తే ఎనిమిది. ఏరిన ఎనిమిది వందలకు రంగులు సరిచేయడం, సగటున నిమిషంన్నర చొప్పున ఇరవై గంటలు. దగ్గరి ఫోటోలు, గ్రూపులు కలిపి ఒక వందకి పది నిమిషాల చొప్పున దాదాపు పదిహేడు గంటలు. ఆల్బమ్ నలభై షీట్లు, షీటుకి అరగంట చొప్పున ఇరవై గంటలు. మొత్తం అరవై ఐదు గంటలయింది. రోజుకు ఎనిమిది గంటలు కదలకుండా కూర్చుంటే ఎనిమిది రోజులు. ఇందులో వీడియో లేదు, అది వేరే మనిషి, వేరే లెక్క.

ఎనిమిది రోజులే కదా, మరి మూడు నెలలెందుకు? ఇక్కడే పంచాంగం వస్తుంది. మన పెళ్ళిళ్ళు ఏడాది పొడుగునా సమానంగా జరగవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వద్దంటారు. గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే ముహూర్తాలే ఉండవు. దాంతో మాఘ ఫాల్గుణాలు, వైశాఖ జ్యేష్ఠాలు, శ్రావణం, కార్తీక మార్గశిరాల మీదే పెళ్ళిళ్ళన్నీ పడతాయి. ఒక మంచి ముహూర్తానికి ఊళ్ళో ఉన్న మండపాలన్నీ నిండిపోతాయి. ఒక నెలలో పది పెళ్ళిళ్ళు ఒప్పుకున్న స్టూడియోకి ఎనభై రోజుల ఎడిటింగ్ పని ఒక్కసారిగా వచ్చి పడుతుంది. పైగా ఆ పది పెళ్ళిళ్ళ మధ్య రాత్రిళ్ళు నిద్రుండదు. ఆల్బమ్ డిజైనర్‌కీ, ప్రింటింగ్ ల్యాబ్‌కీ ఊళ్ళోని స్టూడియోలన్నిటి పనీ అప్పుడే వస్తుంది. మీ పెళ్ళి ఆ పదిలో తొమ్మిదోది అయితే, మీ ఫోటోల మీద చెయ్యి పడేసరికే రెండు నెలలు దాటతాయి. ఈ మాట మేం అడ్వాన్సు తీసుకునేటప్పుడే చెప్పాలి. చెప్పని ఫోటోగ్రాఫర్ మీద మీరు కోప్పడితే తప్పు మీది కాదు.

ఆల్బమ్ దగ్గర ఆలస్యం మాత్రం ఎక్కువగా ఇంట్లో జరుగుతుంది. ఎనిమిది వందల ఫోటోలు లింకు పంపి, ఆల్బమ్‌కి మూడు వందలు ఎంచి నంబర్లు ఇవ్వండి అంటాం. అమ్మాయి అమెరికాలో, అత్తగారు ఊళ్ళో. ఇటువైపు వాళ్ళు ఎంచినదాంట్లో అటువైపు మేనత్త లేదు. నంబర్లకు బదులు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు పంపుతారు, అందులో నంబరు కనపడదు, మేం వాటిని మళ్ళీ వెతకాలి. ఎంచడానికి నెలలు తీసుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. నేను వాళ్ళను తప్పుపట్టడం లేదు. వాళ్ళు పడుతున్న తర్జనభర్జనే మేం ఐదు వేలతో పడ్డది. ఒక్క సలహా: రెండు వైపులా కలిపి ఒక్కరికి ఆ బాధ్యత అప్పగించండి. ఇంట్లో అందరి పేర్లూ వరసలూ తెలిసినవాళ్ళకు. పెళ్ళికొడుకు అక్కగారైతే చాలా బాగా చేస్తారు, ఇది నేను చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

అచ్చు గురించి రెండు మాటలు. మామూలు ఆల్బమ్ షీటు పన్నెండు అంగుళాలు బై ముప్పై ఆరు. అంగుళానికి 300 చుక్కల చొప్పున వేస్తే 3,600 బై 10,800, అంటే దాదాపు మూడు కోట్ల ఎనభై తొమ్మిది లక్షల పిక్సెళ్ళు. ఫోన్‌లో కనపడని తప్పు అక్కడ కనపడుతుంది. సరిగ్గా మధ్యలో మడత వస్తుంది కాబట్టి ఎవరి ముఖమూ అక్కడ పడకూడదు. స్క్రీన్ తనే వెలుగుతుంది, కాగితం వెలగదు, కాబట్టి స్క్రీన్ మీద సరిగ్గా ఉన్నది అచ్చులో ఒక పాలు చీకటిగా వస్తుంది. ముందు ఒకటి రెండు షీట్లు నమూనా వేయించి చూసుకోవాలి. అది ల్యాబ్‌కి వెళ్ళి రావడానికి రోజులు పడతాయి.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పేది ఒకటుంది. పెళ్ళయిన వారంలోపు ఒక యాభై ఫోటోలు పూర్తిగా చేసి పంపండి. రెండు వైపుల తల్లిదండ్రులు, తాళి, జీలకర్ర బెల్లం, ఒక మంచి కుటుంబ ఫోటో. ఆ యాభైతో ఇంట్లోవాళ్ళ ఆత్రం తీరుతుంది, మిగతాది నెమ్మదిగా చేసుకునే వీలు మీకు దొరుకుతుంది. తేదీలు కాగితం మీద రాసివ్వండి. ఆలస్యమైతే వాళ్ళు ఫోన్ చేసేలోపు మీరే చేసి చెప్పండి.

(ప్రశ్నల సమయంలో ఒక శ్రోత అడిగారు: "మాకు ఎడిటింగేమీ వద్దు, కెమెరాలో ఉన్నవి ఉన్నట్టు ఇచ్చేయండి అంటే ఇస్తారా?")

చాలామంది అడుగుతారండీ ఇది. రా ఫైళ్ళు మామూలు ఫోన్లో సరిగ్గా తెరుచుకోవు, తెరుచుకున్నా రంగు చప్పగా ఉంటుంది. మీ బంధువులు అవి చూసి ఫోటోగ్రాఫర్ బాగా తీయలేదు అనుకుంటారు. అందుకే చాలామంది ఇవ్వడానికి వెనకాడతారు, వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. నా పద్ధతి చెబుతాను. ఎడిట్ చేసిన ఎనిమిది వందలూ ఇస్తాను. అవి ఇచ్చాక, మిగతావాటిలో కళ్ళు మూసినవీ మసకవీ కూడా కలిపి, చిన్న సైజు జేపెగ్‌లుగా మొత్తం ఒక ఫోల్డర్‌లో ఇస్తాను. అందులో మీకు కావాల్సిన మనిషి కనపడితే, ఆ నంబరు చెప్పండి, రా ఫైలు తీసి చేసిస్తాను. ఆల్బమ్ అందాక ఏడాది దాకా ఆ ఫైళ్ళు నా దగ్గర ఉంటాయి. తర్వాత కూడా ఉండాలంటే ఆ ఏడాదిలోపు ఒక కొత్త హార్డ్ డిస్క్ తెచ్చివ్వండి, మొత్తం కాపీ చేసిస్తాను. దానికి వేరే డబ్బులు అక్కర్లేదు.